సన్నాసి మెడ

నవంబరు 5

ఒప్పేసుకున్నాను. ఫోన్‌లో టోర్నమెంటు ఆఫీసాయన మాట పూర్తిచెయ్యకముందే. పన్నెండు రోజులు, బొల్లారం గ్రౌండ్, మారిషస్ రగ్బీ జట్టు. వాళ్ళ ఫిజియోకి సెలవు దొరకలేదట. దేశం తరఫున వచ్చే మనిషి ఇంకోచోట ఉద్యోగం చేసుకుంటూ సెలవు అడుక్కోవాలి! చిన్న ద్వీపం... జనం మొత్తాన్నీ తెచ్చినా మన ఊళ్ళో ఓ మూలకి సరిపోతారు.

"రగ్బీ తెలుసా మేడం?" మెడలు తెలుసు, భుజాలు తెలుసు అన్నాను. ఇరవై రెండేళ్ళుగా పద్మారావు నగర్‌లో పట్టుకు కూర్చున్నది అవే కదా.

క్లినిక్ ఊడ్చి, తాళం వేసి, మిగతా టైములో నా మీద పెత్తనం చేసే నర్సమ్మ ఊరుకుంటుందా. "పన్నెండు దినాలు బంద్ పెడితే పేషెంట్లు వేరే దగ్గరికి పోతరు మేడం." పోనీ. అమ్మ పోయి మూడేళ్ళు. ఆదివారాలు ఈ ఇంట్లో కుక్కర్ తప్ప ఇంకెవరూ నోరు విప్పరు.

నవంబరు 7

ఇరవై ఇద్దరు. ఒక్కొక్కడు గుమ్మం నిండా ఉన్నాడు. ఒకడు బస్సు డ్రైవరు, ఒకడు బ్యాంకు గుమాస్తా, ఇద్దరు హోటల్ వంటవాళ్ళు. హాస్టల్ డాబా మీద ఎవరి జెర్సీ వాళ్ళే ఉతికి ఆరేసుకుంటున్నారు. మేనేజరు ఫిలిప్ గారు ఊళ్ళో లెక్కల మాస్టారట, ఇక్కడ ఇస్త్రీ కూడా ఆయనే.

ఈ ఆటలో స్క్రమ్ అని ఒకటుంది. అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది తలలు దించి, భుజాలు ఇరికించి తోసుకుంటారు. ముందు వరస ముగ్గురిదీ భారమంతా మెడ మీదే. శిక్షణ లేనివాణ్ణి అక్కడ నిలబెట్టరు, మెడ విరుగుతుంది. "ఆ పని వచ్చినవాళ్ళు నాకు నలుగురే. జాగ్రత్తగా చూడండి" అన్నారు ఫిలిప్ గారు.

నలుగురిలో ఒకడు కెప్టెన్. మూడో నంబరు. ముప్ఫై ఆరేళ్ళు. జెర్సీ వెనక ఇంగ్లీషులో ఇంటిపేరు — సన్నాసి.

నవ్వాపుకోలేకపోయాను. ఎందుకన్నాడు. మా వైపు ఎవడైనా పనికిమాలిన పని చేస్తే ఆ మాటతోనే తిడతామని చెప్పలేదు. "మా తాత పేరు కూడా సన్యాసే, విజయనగరం దగ్గర" అన్నాను. అది అబద్ధం కాదు. అతను మంచం మీంచి లేచి కూర్చున్నాడు. వాళ్ళ ముత్తాతకి తాత ఆ వైపే ఓడెక్కాడట, చెరుకు తోటల్లో పనికి.

నవంబరు 8

ఎన్ని మోకాళ్ళో. చేతులు నొప్పి. హాయిగా ఉంది.

నవంబరు 9

విశ్రాంతి రోజు. సన్నాసి భోజనానికి వచ్చాడు. పిలిచింది నేనే, పిలిచాక భయపడిందీ నేనే... రెండో కంచం అటక మీద ఉంది.

మాటలన్నీ ఇంగ్లీషులోనే. తెలుగు ఓ పాతిక ముక్కలు వచ్చు, వాళ్ళ నాన్నమ్మ దగ్గర్నుంచి. బువ్వ, నీళ్ళు, అమ్మోరు, సింహాద్రప్పన్న. శ్రావణంలోనో ఎప్పుడో దీపస్తంభం చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారట, అర్థం ఒక్కరికీ తెలియదట, తప్పు మాత్రం పోదట. బెండకాయ పులుసు చూసి కుర్చీ జరుపుకుని — "ఏటి అక్కా ఇది?"

ఏటి.

సికింద్రాబాద్‌లో ఆ మాట నాతో అనేది అమ్మ ఒక్కతే. గరిటె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. కళ్ళు తుడుచుకుని వచ్చి మూడోసారి వడ్డించాను. తిన్నాడు పాపం.

నవంబరు 10

మొదటి మ్యాచ్. గెలిచారు! నాకు అర్థమైంది సగమే, అరిచింది మాత్రం పూర్తిగా.

ముందు వరస వాడొకడికి చీలమండ వాచింది. ఇక ఈ టోర్నమెంటుకి వాడు లేనట్టే. నలుగురిలో ముగ్గురే మిగిలారు.

తర్వాత సన్నాసి మెడ పట్టుకున్నాను. కుడిచెయ్యి చాపి నా అరచేతిని తొయ్యమన్నాను. తోశాడు. మళ్ళీ తొయ్యమన్నాను. అంత మనిషి, నూట ఇరవై కిలోలు — నేను ఆపగలిగాను. నన్ను, ఈ యాభై ఒక్కేళ్ళ మనిషిని, తొయ్యలేకపోయాడు.

స్క్రమ్‌లో గట్టిగా గుద్దుకున్నప్పుడు కరెంటు కొట్టినట్టు భుజం నుంచి వేళ్ళ దాకా పాకుతుందట. రెండేళ్ళుగా. ఎవరికీ చెప్పలేదట. "ఒక్క చెయ్యే అక్కా. రెండు మ్యాచ్‌లు. ఆ తర్వాత నేనే మానేస్తాను. ఫిలిప్‌కి చెప్పకు."

నవంబరు 11

రోజూ సాయంత్రం ఫిలిప్ గారికి ఎవరి ఒళ్ళు ఎలా ఉందో రాసివ్వాలి. మూడో నంబరు ఎదురుగా 'మామూలు అలసట' అని రాశాను.

ఒక్క చెయ్యి అయితే నరం నలిగినట్టు, చాలామందికి సర్దుకుంటుంది. పుస్తకంలో అలాగే ఉంది. కానీ నేను పుస్తకం చూసి రాయలేదు. నాకు తెలుసు ఎందుకు రాశానో. రేపు పొద్దున ఆ డాబా మెట్లు ఎక్కుతుంటే పైనుంచి "అక్కా, టీ" అని వినిపించాలి. అంతే. చిన్నపిల్ల బుద్ధి.

నవంబరు 12

వాళ్ళకో ఆచారం ఉంది. మ్యాచ్ ముందురోజు సాయంత్రం జెర్సీలు జట్టులోవాళ్ళు పంచుకోరు. ఆ ఊళ్ళో తమకి అన్నం పెట్టిన మనిషి చేతుల మీదుగా తీసుకుంటారు. ఏ ఊరు వెళ్ళినా అంతేనట, ఒకచోట ఆటో డ్రైవరు ఇచ్చాడట. ఇక్కడ నన్నడిగారు. చీర కట్టుకు వెళ్ళాను. నర్సమ్మ కూడా వచ్చింది, నిలబడి చూస్తానని.

భోజనాల హాల్లో అందరూ వరసగా, షూ లేకుండా. ఎవరూ మాట్లాడరు. పేరు పిలవాలి, రెండు చేతులతో ఇవ్వాలి, తీసుకున్నవాడు తల వంచాలి. ఒకటి... రెండు... మూడు.

ఇచ్చాను.

తల వంచాడు. మెడ వెనక నేను అంటించిన టేపు కనిపించింది. జెర్సీ వెంటనే వదల్లేకపోయాను. అందరూ అది భక్తి అనుకున్నారు. "మంచిగనిపించింది మేడం, పెండ్లి లెక్క" అంది నర్సమ్మ ఆటోలో.

నవంబరు 13

గెలిచారు. ఇంకొక్కటి గెలిస్తే పైమెట్టు టోర్నమెంటుకి వెళ్తారు, అందరూ ఎగురుతున్నారు. సన్నాసి బెంచీ మీద కూర్చుని బూటు లేసు విప్పుకోలేకపోతున్నాడు.

కూర్చుని నేనే విప్పాను. ఏ చెయ్యి అని అడిగాను. నవ్వాడు. మళ్ళీ అడిగాను.

"రెండూ. అయిదు నిమిషాలే అక్కా. పోయింది ఇప్పుడు."

రెండు చేతులూ అంటే నరం కాదు. వెన్నుపాము.

నవంబరు 14

పొద్దున్నే ఫిలిప్ గారికి చెప్పేశాను. పదో తారీఖు నుంచి తెలుసని కూడా చెప్పాను. ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టారు. తిట్టలేదు. "కెప్టెన్ ఆడడు" అన్నారు, ఒక్క ముక్క. తిడితే బాగుండేది.

ముందు వరసకి ఇక ఇద్దరే. అలాంటప్పుడు తోపులాట లేని స్క్రమ్ పెడతారట, పైగా వీళ్ళు ఒక మనిషి తక్కువతో ఆడాలి. ఇక్కడి నిబంధన అది. అంటే నేను ఆపింది ఒక్కణ్ణి కాదు, జట్టుని.

సన్నాసి మెట్ల మీద కూర్చున్నాడు. పక్కన కూర్చోబోతే లేచాడు. మొదటిరోజే చెప్పి ఉంటే నీది డ్యూటీ అనుకునేవాణ్ణి, అన్నాడు. "నాలుగు రోజులు దాచి, జెర్సీ నీ చేత్తో ఇచ్చి, ఇప్పుడు చెప్పావు." ఆ పైన — "థాంక్యూ, మేడం."

నిజమే కదా. ప్రతి ముక్కా నిజమే. ముందు చెబితే ఫిజియోని, అసలు చెప్పకపోతే అక్కని. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

నవంబరు 15

స్కానింగు. కారులో నేనూ వాడూ. ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర అంతసేపు ఆగినా వాడు చెవుల్లోవి తియ్యలేదు. ఇయర్‌ఫోన్లు.

డాక్టరుగారు ఫిల్ము వెలుగులో పెట్టి — వెన్నుపాము వెళ్ళే దారి కొంచెం ఇరుకు. పుట్టుకతో కావచ్చు. ఎముక విరగలేదు, వాపు లేదు. ఇలాంటి మెడతో ఇరవయ్యేళ్ళు ఆడినవాళ్ళూ ఉంటారు, ఒక్క దెబ్బకి మంచాన పడ్డవాళ్ళూ ఉంటారు. "నా కొడుకైతే ఆడనివ్వను. కానీ రేపు ఏదో అవుతుందని రాసివ్వమంటే రాయలేను."

నాకు వినిపించింది మంచాన పడ్డవాళ్ళు. వాడికి వినిపించింది ఇరవయ్యేళ్ళు ఆడినవాళ్ళు.

నవంబరు 16

ఓడిపోయారు. చిత్తుగా కాదు. ఆరు పాయింట్లు. తోపులాట లేని స్క్రమ్‌లలో ఊరికే భుజాలు ఆనించి లేచిపోతుంటే వింతగా ఉంది, పూజలో పసుపు వినాయకుణ్ణి కదిపి అయిపోయిందనిపించినట్టు. సన్నాసి మెడకి పట్టీతో గీత బయట నిలబడి చివరిదాకా అరిచాడు. గొంతు పోయింది.

జెర్సీలు నిన్న ఎవరిచ్చారో తెలియదు. నన్ను పిలవలేదు.

నవంబరు 17

బస్సు పదింటికి. అందరూ చేతులిచ్చారు. చీలమండ వాచినవాడు గట్టిగా కావలించుకున్నాడు. ఫిలిప్ గారు ఓ చక్కెర పొట్లం ఇచ్చారు, వాళ్ళ దేశపుది, ముదురు రంగుది. "మీరు చేసింది సరైనదే. ఆలస్యంగా చేశారు" అన్నారు. లెక్కల మాస్టారు.

వాడు వెనక సీట్లో, అటువైపు కిటికీ.

నవంబరు 24

మళ్ళీ క్లినిక్. కాప్రా నుంచి వచ్చే రిటైర్డు ఆయన భుజం, బ్యాంకు అమ్మాయి మెడ. "గట్టిగ ఒత్తుతున్నరు మేడం ఇయ్యాల, పెద్దాయన పరేషాన్ అయితుండు" అని నర్సమ్మ తలుపు దగ్గర్నుంచి. ఆయనకి సారీ చెప్పాను.

ఆవిడే మధ్యాహ్నం డబ్బా విప్పుతూ — "గా పిలగాడు ఫోన్ జేసిండా?" లేదన్నాను. "జేస్తడు తియ్. మెడ బాగుంటెనే కదా కోపమొచ్చేది సుత."

ఆవిడకి చెప్పనే లేదు నేను, ఎదురు చూస్తున్నానని.

నవంబరు 30

ఆదివారం. ఫోన్‌లో నేను పెట్టిన నాలుగు మెసేజ్‌లు. వ్యాయామాల వీడియో. మెడ ఎలా ఉంది. చెయ్యి ఎలా ఉంది. సారీ. నాలుగూ చూశాడు, టిక్కులు నీలం. చూడకపోయినా బాగుండేది.

డిసెంబరు 7

బెండకాయ పులుసు. ఒక్కదానికి ఎక్కువే అయింది. రెండురోజులు తిన్నాను.

డిసెంబరు 14

నా మీద నాకు కోపంగా ఉంది ఇవాళ. పన్నెండు రోజుల పరిచయం. ఐదు తరాల కింద ఎవడో ఓడెక్కితే నాకేమిటి. పాతిక ముక్కల తెలుగు. ఇంత ఏడుపు ఎందుకు? అమ్మ పోయినప్పుడు కూడా ఇలా ఫోన్ చేతిలో పట్టుకు తిరగలేదు. అప్పుడు ఫోన్ మోగదని తెలుసు కాబట్టి కాబోలు.

డిసెంబరు 20

మధ్యాహ్నం, పేషెంటుకీ పేషెంటుకీ మధ్య.

వాడి మెసేజ్. పొడుగుది.

"ఏటి అక్కా, కోపమా? నేను కోపం మానేశాను. చెయ్యి ఇప్పుడు మామూలే. మార్చిలో జట్టు ఎంపిక. ఇంకొక్క ఏడాది. ఇక్కడి డాక్టరు, మొదట చూసిన ఫిజియో కాగితం ఉంటే ఆలోచిస్తానన్నాడు. నీ క్లినిక్ కాగితం మీద ఒక్క లైను చాలు — పదో తారీఖున చూశాను, మామూలు అలసట అని. నువ్వు అప్పుడు రాసిందే కదా. కొత్తగా అబద్ధం ఆడక్కర్లేదు."

కింద మళ్ళీ: "మా అమ్మ నిన్ను చూడాలంటోంది. ఏప్రిల్‌లో రా. మా ఇంట్లోనే ఉండు."

మూడుసార్లు చదివాను. నాలుగోసారి కింది రెండు లైన్లే చదివాను.

నేను రాసిందే. నా అక్షరాలే. మళ్ళీ ఒకసారి రాస్తే, ఏప్రిల్‌లో ఒక ఇల్లు, ఒక అమ్మ, వాకిట్లో నిలబడి అక్కా అని పిలిచే మనిషి. రాయనంటే ఇక ఈ ఫోన్‌లో ఆ పేరు వెలగదు. ఈసారి ఖాయం.

ఆ రోజు అరచేతికి తెలిసింది ఇప్పటికీ అరచేతిలోనే ఉంది. నన్ను తొయ్యలేకపోయాడు.

"బయట పెద్దాయన గూసున్నడు మేడం, పిలవాల్నా?" నర్సమ్మ. ఐదు నిమిషాలు ఆగమన్నాను.

తమ్ముడూ — అని టైప్ చేశాను. ఇన్నాళ్ళలో ఒక్కసారీ వాణ్ణి అలా పిలవలేదు. దాని తర్వాతి మాట చెరిపాను. మళ్ళీ కొట్టాను. మళ్ళీ చెరిపాను.

వాడు ఆన్‌లైన్‌లోనే ఉన్నాడు. నేను టైప్ చేస్తున్నట్టు అక్కడ వాడికి కనిపిస్తూనే ఉంటుంది.