తిట్టిన ఇంటాయనే పిలిచాడు

చిట్టికి అక్క దీవెనలు. నేను కులాసా.

కొనబోయేవాళ్ల తరఫున ఇళ్లు తనిఖీ చేసే ఈ పని సాగకపోతే మూసేసి వచ్చెయ్యమని రాశావు. నెలన్నరగా పిలుపు లేని మాట నిజమే. ఒక ఇంట్లో బీరువా జరిపించి, వెనక గోడకున్న చెమ్మ సంగతి ఉన్నదున్నట్టు రాశాను. బేరం చెడింది. "ఇక నీకెవరు పనిస్తారో నేనూ చూస్తా!" అని ఇంటాయన కేకలేశాడు. బ్రోకర్లు మొహం చాటేశారు. వీధివీధికీ కరపత్రాలు పంచినా ఎవరూ పలకలేదు.

నిన్న ఆయనే వచ్చి తలుపు తట్టాడు. "నేనో ఇల్లు కొంటున్నానమ్మా. బీరువాలన్నీ జరిపించి మరీ చూడు. మా తోడల్లుడిక్కూడా నీ పేరే చెప్పా," అన్నాడు. నవ్వాపుకుని దేవుడికి దండం పెట్టుకున్నాను. కనుక ఇప్పట్లో రాను.

అటక మీద నాన్నగారి రసమట్టం ఉంటుంది. నేల వాలు చూడడానికి కావాలి, గుడ్డలో చుట్టి పంపు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? మరిదిగారు మందులు వేళకు వేసుకుంటున్నారా? దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

పగలంతా ఎవరూ లేని ఇళ్లలోనే తిరుగుతుంటాను. గోడను తడితే డొల్లో గట్టో చెబుతుంది గానీ, తిన్నావా అని అడగదు. వారానికో కార్డయినా రాస్తూ ఉండు, తల్లీ.

అక్క