ముట్టకు

కామారెడ్డి,
2025 ఫిబ్రవరి 9, ఆదివారం.

ఎల్లారెడ్డిలోని దేవవ్వ వదినకు తార నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మీ తమ్ముడు క్షేమం. అక్కడ మీ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను.

ఫోన్ చేస్తే మీరు స్పీకర్ పెడతారు, అందరూ వింటారు. అందుకే ఎల్లారెడ్డికి పెళ్లికి వస్తున్న మా పక్కింటి యాదవ్వ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ముందు ఆయన సంగతి. బీపీ మాత్రలు వేళకు వేస్తున్నాను. పక్షవాతం వచ్చిన కుడి చెయ్యి ఇంకా లేవలేదు. ఒంటికి, రెంటికి మంచం మీదే. పుండ్లు పడకుండా పక్క తిప్పుతున్నాను. మాట తిరగడానికి డాక్టరు చెప్పినట్టు రోజూ పొద్దున ‘నీళ్లు, బువ్వ, తార’ అని పలికిస్తున్నాను. నీళ్లు అన్నది కొంచెం వస్తోంది. నా పేరు ఇంకా రాలేదు.

బుధవారం నేను బయట చేరానని ఆయనకు చెప్పి, మీకూ ఫోన్ చేశాను. పెళ్లయినప్పటి నుంచి ఆ రోజుల్లో నా చేతి నీళ్లు తాగని మనిషి. అందుకే వంటింటి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టేదాన్ని. పండుగలూ మొక్కులూ నా గుర్తులు అడిగే పెట్టుకునేవారు మీరు. ఆ రోజు మీరేమన్నారో మరిచిపోయి ఉంటారు. “కింది పని ఎట్లనన్న నువ్వే జెయ్యాలె, తప్పది. నోటికి మాత్రం యాదవ్వను పిలువు. దేవుని అర్ర దిక్కు పోకు” అన్నారు.

నేను ఆయన్ని కడిగి, పక్కబట్టలు మార్చి, చేతులు సబ్బుతో రుద్దుకుని జావ పట్టుకెళ్లాను. కడుగుతున్నంతసేపూ ఈ చేతులకు అడ్డు చెప్పలేదు. చెంచా నోటి దగ్గరికి వెళ్లేసరికి మొహం గోడవైపు తిప్పుకున్నారు. “ముట్టకు” అన్నారు. ఎంత స్పష్టంగా అన్నారో వదినా! ఒక్క అక్షరం తడబడలేదు.

యాదవ్వ బీడీల చాట పక్కన పెట్టి వచ్చింది. “ఏంది రాజలింగన్నా, ముడ్డి కడిగేటప్పుడు లేని అంటు బువ్వ వెట్టంగ వచ్చిందా?” అని నవ్వింది. ఆమె తినిపిస్తే ఆయన గిన్నె ఖాళీ చేశారు. తర్వాత వంటింట్లో నా చెవిలో, “నాకు సుత నిన్ననే అయింది తారక్కా. చెప్పకు, పాపం తిననీ” అంది. ఇది మీకు రాస్తానంటే “రాయి, నాకేంది భయం” అన్నది కాబట్టి రాస్తున్నాను. ఆయనకు ఆ జావ బాగానే అరిగింది.

వచ్చే శుక్రవారం ఇక్కడ ఎల్లమ్మ మొక్కు పెట్టుకున్నారు. అప్పటికి నేను తల మీద పోసుకుంటానని మీ లెక్క. రండి. కోడి, కల్లు మీరు తెచ్చుకోండి, మిగతావి నేను చూస్తాను.

ఇట్లు,
మీ తమ్ముడి ఇంటి మనిషి,
తార.

మళ్లీ: బుధవారం నేను బయట చేరలేదు. పోయినేడు శివరాత్రి అప్పుడే నాకు ఆగిపోయింది. ఆ తర్వాత క్యాలెండర్ మీద గుర్తు లేదు. ఎందుకు లేదని మీరెవరూ అడగలేదు, పక్కన పడుకునే మనిషి కూడా అడగలేదు. దసరా తర్వాత ఆయన మంచాన పడ్డారు, అప్పటి నుంచి నాకు నడుం వాల్చే పూట లేదు. వెనకటికి మూలన కూర్చోబెట్టినప్పుడు పని నుంచి కూడా తీసి పక్కన పెట్టేవారు కదా, బయట చేరానంటే మీరు బస్సెక్కి వస్తారనుకున్నాను. మీరు నా చేతుల్లో పని ఉంచి, అన్నం మాత్రం తీసేశారు.

శుక్రవారం వచ్చేటప్పుడు మూడు రోజులకు సరిపడా బట్టలు తెచ్చుకోండి. మీరు గడప దాటి లోపలికి రాగానే నేను బయట చేరతాను. నోటికీ మీరే, కిందికీ మీరే.