మోటారు చప్పుడు

తాళ్ళరేవు,
ఆగస్టు 12, 1996

ఏవండీ,

మీ దుర్గ రాస్తున్నాను. ఇది చదివి కేకలు వేయకండి, అది విశాఖ ఆసుపత్రి. కాలి ఆపరేషన్ అయిన అత్తయ్యగారు ఉలిక్కిపడతారు.

మీ దగ్గర ఒక సంగతి దాచాను. రొయ్యల చెరువు గట్టు చుట్టూ మీరు కట్టిన కరెంటు వైరు తగిలి, ఎండాకాలంలో ఒక నీటికుక్క చచ్చిపోయింది కదా! రొయ్యల దొంగ పీడ విరగడైందని మీరు సంబరపడ్డారు. దాని పిల్ల గట్టు కింద బొరియలో కీచుమంటుంటే కొంగులో చుట్టి తెచ్చుకున్నాను. మేత గోడౌను వెనక పాత నీళ్ళతొట్టిలో పెంచాను. తల్లిని చంపింది మనమే కదండీ. పిల్లనైనా బతికించకపోతే ఆ ఉసురు ఊరికే పోతుందా?

ఆకలేస్తే అది ఈల వేసినట్టు అరుస్తుంది. మీకూ పనివాళ్ళకూ వినబడకూడదని, చెరువులో గాలి పట్టించే మోటార్లు తిరిగేటప్పుడే దానికి పరిగె చేపలు పెట్టేదాన్ని. ఆ రొదలో దీని గోల కలిసిపోయేది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇప్పుడు బాగా ఎదిగింది. మీరు ఊళ్ళో లేరు కదా అని మొన్న మడ అడవి పక్కన ఏట్లో వదిలేశాను. వెనక్కి చూడకుండా ఈదుకుంటూ పోయింది. అమ్మయ్య అనుకున్నాను.

సాయంత్రం మోటారు వేశానో లేదో, గట్టు మీద ప్రత్యక్షం! నోరు తెరుచుకుని, పరిగె పెట్టమని ఒకటే ఈల! మోటారు మోగితే అన్నానికి పిలుస్తున్నారని దాని లెక్క. మీరు వెళ్ళగానే మన వైరుకి కరెంటు తీసేశాను కాబట్టి బతికిపోయింది. కానీ పక్కనే చంద్రరావుగారి చెరువుంది. ఆయనా మోటార్లు వేస్తారు, ఆయన వైరులో కరెంటు ఉంటుంది. చేతులారా దానికి చావు నేర్పానండీ. దాన్ని పట్టుకొచ్చి మళ్ళీ తొట్టిలో వేశాను గానీ, ఎన్నాళ్ళు ఆగుతుంది? మీరే చంద్రరావుగారితో మాట్లాడాలి. వెంటనే జవాబు రాయండి.

మీ
దుర్గ

తాళ్ళరేవు,
ఆగస్టు 20

ఏవండీ,

మీ ఉత్తరం అందింది. "నీకు మతిపోయిందా? దొంగకి పెళ్ళిభోజనం పెట్టి పెంచుతావా? నేను వచ్చేసరికి అది అక్కడ ఉండకూడదు, వైరులో కరెంటు ఉండాలి" అని రాశారు. ఒక్క మెత్తని మాట లేదు. సరే, నేనూ మీ మాట వినను. వైరంతా విప్పి, చుట్ట చుట్టి అటకెక్కించాను. ఏం చేసుకుంటారో చేసుకోండి.

మీతో కాదని నేనే చంద్రరావుగారి దగ్గరికి వెళ్ళాను. "ఏంటమ్మా, నీటికుక్కకి పూచీ పడతావేంటి? నా రొయ్యలన్నీ తినేస్తే నువ్వు పెట్టి పెంచుతావా?" అన్నారు. బతిమాలితే "చూద్దాంలే" అని లేచిపోయారు. ఆ "చూద్దాంలే" ఎలాంటిదో మీకు తెలుసు.

అది తొట్టి మీద కప్పిన తడికను రోజూ కొరుకుతోంది. బరువుకి రాయి పెట్టాను గానీ

చంద్రరావుగారి మోటారు మొదలైంది. కిటికీలోంచి చూస్తే తడిక పక్కకి జరిగి ఉంది. తొట్టి ఖాళీ. వెళుతున్నాను.

తాళ్ళరేవు,
ఆగస్టు 29

ఏవండీ,

ఆరోజు సగంలో వదిలేసిన కాగితాన్నీ దీంతోపాటే పంపుతున్నాను.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి అది ఆయన గట్టెక్కుతోంది. "ఒసేయ్, రావద్దే!" అని గొంతు చించుకున్నాను. నా గొంతు వినగానే ఇంకా హుషారుగా వచ్చి వైరుకి ముక్కు ఆనించింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏమీ కాలేదండీ! వైరు కింద నుంచి దూరి వచ్చి నా పాదాల మీద దొర్లింది.

చంద్రరావుగారు మోటారు దగ్గర నిలబడి నవ్వుతున్నారు. "కరెంటు తీసేశానమ్మా. మీ ఆయన విశాఖ నుంచి రోజూ ఫోనే! 'రొయ్యలు పట్టేదాకా ఆపండి బాబాయ్‌గారూ, ఎన్ని పోతే అన్ని నా చెరువులోంచి పట్టుకోండి' అని ఒకటే ప్రాణం తీశాడు. నీకు చెప్పొద్దన్నాడు, నెత్తికెక్కి కూర్చుంటావంట."

ఉత్తరంలో అన్నేసి తిట్లు రాసి, ఫోనులో చేసే పని ఇదా? ఆ గట్టు మీదే కూలబడి ఏడ్చాను. మిమ్మల్ని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో, అన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ ఏటి పొడవునా ఎన్ని చెరువులు, ఎన్ని వైర్లు! అందరికీ మీరు ఫోన్లు చేయలేరు కదా. అందుకని నేను నేర్పినది నేనే మరిపించాలనుకున్నాను. దాన్ని ఏట్లో వదిలి, మోటారు వేసి, అది గట్టెక్కగానే రేకు డబ్బా బాదుతూ మట్టిగడ్డలు విసిరాను. మొదట ఆట అనుకుని గంతులేసింది. ఒక గడ్డ వీపుకి తగిలింది. కుయ్యిమంది. నా వంక అలా చూస్తూ నిలబడింది. నేను ఇంకోటి విసిరాను. మోటారు వేసినప్పుడల్లా ఇదే పని. ఏడుస్తూనే కొట్టానండీ.

ఈ పొద్దున మోటారు వేస్తే రాలేదు. ఏట్లో తల పైకెత్తి, చప్పుడు విని, నన్ను చూసి, మునిగి మడచెట్ల వైపు పోయింది. ఇక దాని ప్రాణానికి భయం లేదు. అన్నం తినబుద్ధి కావడం లేదు.

అత్తయ్యగారిని తీసుకుని త్వరగా రండి. నన్ను చూసి పారిపోని మనిషి ఒక్కరైనా ఇంట్లో ఉండాలనిపిస్తోంది.

మీ
దుర్గ