వదిన పంపిన పుస్తకం

వదినా,

అమ్మాయి కాన్పుకి వెళ్లి మీరు నిన్నటి సభకి రాలేకపోయారు. అక్కడ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పుస్తకం ఎలా అచ్చయిందో చెప్పమని కొత్త రచయితలందరినీ అడిగారు. ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ తన నవల కోసం తొమ్మిదేళ్లు తిరిగిందట. నా వంతు వచ్చాక, నలుగురు ప్రచురణకర్తలు తిప్పి పంపితే కథల కట్ట అటక మీద పడేశాననీ, ఆ నాలుగో ఆయనే జాలిపడి, ఒక నకలు ఉంచుకుని ఈ ప్రచురణకర్తకి ఇచ్చి ఉంటాడనీ చెప్పాను.

ప్రచురణకర్త నవ్వింది. “కాదండీ, మీ వదినగారు పంపారు,” అంటూ సంచిలోంచి కాగితం తీసి చదివింది.

“అమ్మా, ఇవి మా మరిది రాసిన కథలు. కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాడు. మా ఆయన పోయాక నన్నూ పిల్లనీ కనిపెట్టుకుని ఉన్నది వీడే. నాలుగోసారి తిరిగొచ్చాక అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. నచ్చకపోతే నా పేరు మీదే తిప్పి పంపండి. మళ్లీ వాడి కంట పడకూడదు.”

అన్నయ్య పోయిన రోజున మీ ముందు ఏడవకుండా నిలదొక్కుకున్నవాణ్ణి, నిన్న అంతమంది ముందు ఏడ్చేశాను. నర్సమ్మ మంచినీళ్లు తెచ్చిచ్చింది.

రెండో ముద్రణకి ముందుమాటగా మీ కాగితమే వేస్తామంటున్నారు. “ఇంటి సంగతులు నలుగురికీ ఎందుకురా?” అంటారని తెలుసు. అయినా ఒప్పుకోండి. ఒక్క అక్షరం కూడా దిద్దనివ్వను.

మీరు తిరిగొచ్చాక ఎదురుగా నిలబడి ఇదంతా అడగడం నా వల్ల కాదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మీ మరిది