పొట్టిదాని గాలి

మార్చి 3, సోమవారం

పొట్టిది మళ్లీ కూలబడింది. గ్యాలరీ పక్కన వాలులో మలుపు తిప్పుతుంటే ఎడమ ముందు టైరు బుస్సుమంది. గాలంతా ఒక్కసారే పోయింది. రిమ్ము గడ్డిలో దిగబడి జానెడు మేర చాలు తీసింది.

పొట్టిదంటే మా స్టేడియంలో గడ్డి కోసే చిన్న ట్రాక్టరు. ఆ పేరు మావయ్యగారు పెట్టింది. రిటైరయ్యేదాకా ఆయనే నడిపారు. ఇప్పుడు ఆ సీట్లో నేను, అదీ ట్రయల్ మీద. ఈ నెలాఖరుకి ఉంచుతారో పొమ్మంటారో మేనేజరు తేలుస్తాడు.

టైర్ల షాపాయన వచ్చి టైరు విప్పి లోపలా బయటా తడిమాడు. మేకు లేదు, ముల్లు లేదు, గాజుపెంకు లేదు. చిల్లు లేకుండా పంచరేంటమ్మా అని నన్నడిగాడు. నాకు తెలిస్తే ఆయన్ని ఎందుకు పిలుస్తాను?

మార్చి 4, మంగళవారం

మేనేజరు పిలిచాడు. పొలం టైర్లు వేయించేద్దామన్నాడు. గట్లలా లేచిన పెద్ద పెద్ద గళ్లుంటాయి, మందంగా ఉంటాయి, ముల్లు దిగదు అన్నాడు. వద్దన్నాను. ఆ గళ్లు గడ్డిని వేళ్లతో సహా పీకేస్తాయి. గడ్డి కోసమే చేసిన మన టర్ఫ్ టైర్లు వెడల్పు, గళ్లు పైపైన ఉంటాయి, బరువుని పరుచుకుని పోతాయి అన్నాను. ఇదంతా ఎవరు నేర్పారన్నాడు. మా మావయ్యగారన్నాను. మరి ఆయన హయాంలో ఇన్నిసార్లు ఆగలేదే అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస అని కూడా అన్నాడు. ఇంకోసారి ఆగితే పని కాంట్రాక్టువాళ్లకి ఇచ్చేస్తాడట. వాళ్ల బండ్లన్నిటికీ పొలం టైర్లే. అంటే నా ఉద్యోగమూ పోతుంది, గ్రౌండూ పోతుంది.

మార్చి 6, గురువారం

టైరుకి పక్క భాగంలో ఒక అంకె అచ్చువేసి ఉంటుంది. రోజూ సాయంత్రం పని అయ్యాక అంత గాలీ కొడుతున్నాను, చాలా శ్రద్ధగా. అది విని షాపాయన నెత్తి కొట్టుకున్నాడు. అది ఇంతకు మించొద్దనే హద్దట, ఇంత కొట్టమని కాదట. టర్ఫ్ టైరుకి గాలి తక్కువే ఉండాలి, లేకపోతే రాయిలా అయి గడ్డి మీద గాట్లు పెడుతుందట. పైగా పని చేసొచ్చిన టైరు వేడి మీద ఉంటుంది, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిచే గేజ్ పెట్టాలట. చదవేస్తే ఉన్న మతి పోయిందని నాలాంటి వాళ్లని చూసే అని ఉంటారు.

సరే, ఒప్పుకున్నాను. కానీ చిల్లు లేకుండా ఒక్కసారే గాలి పోయిందంటే టైరు అంచు రిమ్ము మీంచి జారి ఉండాలి, అది జారేది గాలి బాగా తక్కువైనప్పుడేనని కూడా ఆయనే అన్నాడు. నేను కొడుతున్నది ఎక్కువ. ఎక్కువ కొట్టింది తెల్లారేసరికి తక్కువెలా అవుతుంది? ఆయన తల గోక్కున్నాడు. నేనూ గోక్కున్నాను.

మార్చి 7, శుక్రవారం

పొద్దున పని మొదలెట్టే ముందు గేజ్ పెట్టాను. ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు. నిన్న సాయంత్రం సరిగ్గా కొట్టి ఇంటికెళ్లాను. నా చేత్తోనే కొట్టాను.

మార్చి 8, శనివారం

సబ్బు నీళ్లు పోశాం, బుడగ రాలేదు. తొట్టెలో ముంచాం, బుడగ రాలేదు. వాల్వు పిన్ను మార్చాం. కొత్త మూతలు పెట్టాం. లోపల పచ్చటి సీలెంటు కూడా పోయించాను, ఎక్కడైనా కంటికి కనపడని చిల్లుంటే మూసుకుపోతుందని. ఇంక దీనికి చెయ్యడానికి ఏం మిగల్లేదు, దిష్టి తియ్యడం తప్ప.

మార్చి 10, సోమవారం

మళ్లీ సగమే. ముందు టైర్లు రెండూ.

రాత్రి అన్నాల దగ్గర అడిగాను, మావయ్యగారూ మీ రోజుల్లో ఇలా అయ్యేదా అని. ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. ఆ టైర్లకి మెత్తదనమే ప్రాణం అమ్మాయ్ అన్నారు, అంతే. ఏదో చెప్పబోయి ఆగినట్టనిపించింది. మా ఆయనేమో నీ పొట్టిదానికి దెయ్యం పట్టిందని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. రెండు రోజులుగా నేను వాలు దగ్గరకొస్తే ఊపిరి బిగబట్టి తిప్పుతున్నాను.

మార్చి 12, బుధవారం

గాలి తనంతట తను బయటికిపోయి మళ్లీ మూత బిగించుకోదు. ఎవరో తీస్తున్నారు.

మార్చి 13, గురువారం

వాచ్‌మనా? వాడికేం పని? కాంట్రాక్టువాళ్ల మనిషా? షెడ్డు తాళం వాళ్లకెవరిస్తారు? మేనేజరే అయి ఉంటాడా, నన్ను పంపేయడానికి? ఛీ, ఇలా ఆలోచిస్తూ పోతే చివరికి నన్నే నేను అనుమానించుకునేలా ఉన్నాను. రేపు తెల్లారకముందే వెళ్తాను.

మార్చి 14, శుక్రవారం

మావయ్యగారు.

రోజూ పొద్దున్నే వాకింగ్ అని ఇంట్లోంచి వెళ్లే మనిషి, షెడ్డుకొచ్చారు. వాచ్‌మన్ లేచి దణ్ణం పెట్టి షెడ్డు తలుపు తీశాడు. పాత అలవాటు, వాడికి అందులో తప్పేం కనపడదు. నేను షెడ్డు బయట పిచ్ రోలర్ వెనక నిలబడి చూశాను. ఆయన పొట్టిదాని ముందు గొంతుక్కూర్చుని, టైరుని బొటనవేలితో నొక్కారు. తల అడ్డంగా ఊపారు. మూత తీసి గాలి వదిలారు. మళ్లీ నొక్కారు. మళ్లీ వదిలారు. రెండో టైరుకీ అంతే. మూతలు జాగ్రత్తగా బిగించి, చేతులు దులుపుకుని వెళ్లిపోయారు.

నేను బయటికి రాలేదు. ఎందుకు రాలేదో తెలీదు. నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టమని మేనేజర్ని బతిమాలింది ఆయనే. ట్రయల్ మొదలైన రోజున పక్కన నడుస్తూ క్లచ్చు నేర్పింది ఆయనే. మరి నా కడుపు మీద ఎందుకు కొడుతున్నారు? ఆ సీటు ఇంకా ఆయనదే అనుకుంటున్నారా? ఇంట్లో అమ్మాయ్ అమ్మాయ్ అంటూ, ఇక్కడ ఇదా? కోపం వస్తోంది, ఏడుపొస్తోంది, రెండూ కాదనిపిస్తోంది. ఏమీ అర్థం కావడం లేదు. మా ఆయనకి చెప్పలేదు.

మార్చి 15, శనివారం

ఇవాళ దాక్కోలేదు. ఎదురుగా వెళ్లి నిలబడి, గాలి మీరెందుకు తీస్తున్నారని అడిగేశాను.

ఆయన తడబడలేదు. దాచనూ లేదు. నువ్వు రాయిలా కొట్టిపెడుతున్నావు, ఇలా అయితే గ్రౌండు గాట్లు పడి నిన్ను నాలుగు మాటలంటారని తీస్తున్నానన్నారు. నాతో చెప్పొచ్చు కదా అన్నాను. కొత్తగా పనిలోకి వచ్చిన మనిషి నెత్తిన మామ కూర్చున్నాడని పదిమందీ అనుకోరూ, అందుకే నీకు తెలియకుండా సర్దుతున్నానన్నారు. ఇంట్లో చెబితే చిన్నబుచ్చుకుంటావేమో అనిపించిందట.

నేను ఇప్పుడు సరిగ్గానే కొడుతున్నాను మావయ్యగారూ, వారం పైనే అయింది అన్నాను. నమ్మలేదు. ఇదిగో ఇంత తీసినా ఇంకా రాయిలానే ఉంది, కావాలంటే నొక్కి చూడు అన్నారు.

నొక్కాను. నా వేలు మెత్తగా లోపలికి దిగింది.

ఆయన మొహం చూశాను. ఆయన నా వేలు చూస్తున్నారు. తర్వాత తన బొటనవేలితో అక్కడే నొక్కారు. టైరు లోపలికి పోవడం నాకు కనపడుతోంది, ఆయనకీ కనపడుతోంది. వేలు తీసి ఇంకో చేత్తో నలుపుకున్నారు. పొద్దుటి చలికి మొద్దుబారినట్టుంది అన్నారు. చలి లేదు.

మార్చి 17, సోమవారం

డాక్టరమ్మ కళ్లు మూసుకోమంది. వేళ్ల చివర, అరికాళ్లలో పిన్నుతో మెల్లిగా గుచ్చుతూ పోయింది. నొప్పి తెలిస్తే చెప్పమంది. మావయ్యగారు కళ్లు మూసుకుని బుద్ధిగా కూర్చున్నారు. కాసేపటికి, ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా అని అడిగారు.

షుగరట. నరాలు చచ్చుబడుతున్నాయట. పోయిన స్పర్శ తిరిగి రాదు, ఇకముందు పోకుండా చూడొచ్చు అంది. అంటే వారం వారం టైరు ఆయనకి గట్టిపడుతూ వచ్చింది. గట్టిపడింది టైరు కాదు. నేను కొట్టింది నిజంగా ఎక్కువైనప్పుడు మొదలుపెట్టారు, నేను మానేశాక ఆయనకి తేడా తెలియలేదు.

దారి పొడుగునా ఆయన ఒక్క మాటే అన్నారు. నీ ఉద్యోగం తీసేసేవాణ్ని కదా అమ్మాయ్ అన్నారు. అలా కాదని చెప్పాలనుకున్నాను. అబద్ధం కాబట్టి నోరు రాలేదు.

మార్చి 19, బుధవారం

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మేనేజరు కారణం అడుగుతున్నాడు. ఉన్నది చెబితే నేను బయటపడతాను. కానీ ఆ క్షణం నుంచి మావయ్యగారిని గేటు దగ్గరే ఆపేస్తారు. చెప్పేసెయ్, నాన్న పొరపాటుకి నువ్వెందుకు పడాలి అంటాడు మా ఆయన. మా ఆయన బాధా నాకు తెలుసు, వాళ్ల నాన్న అరికాళ్లలో తెలియకుండా పడ్డ పుండ్లు చూసి మొన్న పెరట్లోకి వెళ్లి నిలబడ్డాడు.

చెప్పలేదు. తెలియక గాలి బాగా తగ్గిపోయింది, టైరు అంచు జారింది, ఇక జారదు అన్నాను. తెలియక అంటే ఎవరికి తెలియక అన్నాడు. మాకే సార్ అన్నాను. అతనికి నేనే అన్నట్టు అర్థమైంది, అర్థం కానీ. ఆదివారం మ్యాచ్‌కి గ్రౌండు రెడీ కావాలి, ఆ లోపు ఆగిందా, సామాను సర్దుకో అన్నాడు.

మార్చి 22, శనివారం

వాలులో తిప్పాను. గాలి పోలేదు. మళ్లీ తిప్పాను, అవసరం లేకపోయినా.

మార్చి 24, సోమవారం

మ్యాచ్ జరిగింది. గడ్డి మీద ఒక్క గాటు లేదు. మేనేజరు కాంట్రాక్టు మాట ఎత్తలేదు. వచ్చే నెల నుంచి నువ్వు పర్మనెంటు అన్నాడు. అలా అన్నప్పుడు కూడా మొహం ఆముదం తాగినట్టే పెట్టాడు. ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన ఎగిరి గంతేశాడు. మావయ్యగారు మంచిదమ్మాయ్ అని లోపలికి వెళ్లారు.

మార్చి 26, బుధవారం

వాకింగ్ మానేశారు. కుర్చీలో కూర్చుని కుర్చీ చెయ్యిని నొక్కుతారు. గ్లాసుని నొక్కుతారు. దిండుని నొక్కుతారు. నేను చూస్తున్నానని తెలిస్తే చెయ్యి ఒళ్లో పెట్టుకుంటారు. నాకు చాలా బాధగా ఉంది. ఉద్యోగం నిలబడింది, ఇంట్లో ఇంకేదో కూలబడింది. పిన్ను మార్చి సబ్బు నీళ్లు పోసి చూసుకోవడానికి మనిషికి వాల్వెక్కడుంటుందో తెలీదు.

మార్చి 27, గురువారం

రేపు నాతో రమ్మని అడిగాను. నేనెందుకు అన్నారు. వాలులో ఎలా తిప్పాలో ఇంకా రాలేదన్నాను. నీకొచ్చు అన్నారు. కానీ చెప్పులు తుడిచి గుమ్మం పక్కన పెట్టుకున్నారు.

మార్చి 28, శుక్రవారం. పొద్దున.

వచ్చారు. టైరు దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి నన్ను నొక్కమన్నారు. నొక్కాను. నా వేలు దిగిన తీరు చూసి, కాస్త ఎక్కువుంది, కొంచెం తియ్యమన్నారు. గేజ్‌లో సరిగ్గానే ఉంది. కాదనడానికి మనసు రాలేదు. వాల్వు మీదకి వంగి, పళ్ల సందులోంచి సుయ్‌మని నేనే చప్పుడు చేశాను. ఇక చాలన్నారు. మూత బిగించాను.

నేను సీటెక్కాక దగ్గరికొచ్చారు. టైరులోంచి వచ్చే గాలికి రబ్బరు వాసనుంటుంది కదమ్మాయ్, ఇవాళ రాలేదేం అని అడిగారు.