యాకూబ్ భాయ్ వాళ్ళ నాన్న ఓడ

ఖఫ్జీ

పూజ్యులైన నాన్నగారికి,

శ్రీను నమస్కరించి రాసేది. నేను బాగానే ఉన్నాను. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అమ్మ బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటోందా? నా ఇకామా కార్డు రెన్యూ అయింది, ఈ దేశంలో ఇంకో ఏడాది ఉండొచ్చు, దాని గురించి బెంగ పెట్టుకోకండి. ఎండ తగ్గింది గానీ ఉక్కపోత వదల్లేదు. మెస్సులో పప్పు నీళ్ళలాగే ఉంటోంది. సత్తిబాబు సెలవు మీద వస్తున్నాడు, ఈ ఉత్తరం అతనే తెచ్చిస్తాడు. తిరిగొచ్చేటప్పుడు కాసిని ఎండు నెత్తళ్ళు ఇచ్చి పంపండి.

ఫోన్లో మీకు సరిగ్గా వినపడదు. వినపడినా ఈ సంగతి చెప్పడానికి నాకు నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

మా పనిలో యాకూబ్ భాయ్ అని కరాచీ ఆయన ఉన్నారు. క్రేన్‌కి సైగలిస్తారు. నాకంటే చాలా పెద్ద. కొత్తలో నాకు జ్వరమొస్తే గంజి కాచి పెట్టింది ఆయనే. మొన్న క్రికెట్‌లో పాకిస్తాన్ మీద మనవాళ్ళు గెలిచారు. మర్నాడు భోజనాల దగ్గర నాకు ఒళ్ళు తెలియలేదు. పక్క బల్ల దగ్గర పాకిస్తానీలు తింటుంటే, వాళ్ళకి వినపడాలనే, హిందీలో మీరు నేవీలో ఉన్నప్పటి డెబ్బై ఒకటి యుద్ధం కథ ఎత్తుకున్నాను. మీ మిస్సైల్ బోటు, వాళ్ళ డిస్ట్రాయర్ ఓడ అంటుకోవడం, అన్నీ. పళ్ళెం బోర్లించి అదెలా మునిగిందో చూపించాను కూడా. మనవాళ్ళు పడీపడీ నవ్వారు.

యాకూబ్ భాయ్ తినడం ఆపి, "ఏ ఓడ?" అని అడిగారు. గొప్పగా పేరు చెప్పాను.

"అందులో మా అబ్బా ఉన్నారు. బాయిలర్ గదిలో పని."

ఆయన చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు.

మర్నాడు క్రేన్ పైపు దించుతుంటే నేను కింద నిలబడ్డాను. "పక్కకి జరుగు బేటా," అన్నారు, రోజూ అన్నట్టే. తిట్టినా బాగుండేది నాన్నా.

శుక్రవారం ఆయన గదికి వెళ్ళి మాఫ్ చెయ్యమన్నాను. మంచం మీద చోటిచ్చి, టీ పోసిచ్చారు.

"నువ్వు చెప్పింది అబద్ధం కాదుగా. నవ్వకుండా చెప్పాల్సింది," అన్నారు.

ఆ రోజుల్లో ఆ ఓడ సరుకు ఓడలకి కాపలాగా వెళ్ళి, వాటిని రేవుకి చేర్చేదట. తిరిగొచ్చినప్పుడల్లా వాళ్ళమ్మ ఈయన్ని ఎత్తుకుని రేవు గేటు దాకా వెళ్ళేదట. ఆఖరిసారీ మామూలుగానే కాపలాకి వెళ్ళింది. మొదటి దెబ్బ బాయిలర్లకే తగిలి, ఓడ కదల్లేక ఆగిపోయింది. అప్పుడు రెండోది. వాళ్ళ నాన్న శవం దొరకలేదు.

"మీ నాన్నని ఒక్క మాట అడుగుతావా? నీళ్ళలో మనుషులెవరైనా కనిపించారా అని. అమ్మ ఇంకా ఉంది. అదే అడుగుతుంటుంది," అన్నారు.

గదికొచ్చాక గుర్తొచ్చింది. ఆ కథ చెప్పేటప్పుడు మీరెప్పుడూ నవ్వలేదు. "వెలుగు కనిపించింది, వెనక్కి తిరిగాం," అని ఆపేసేవారు. ఆ పళ్ళెం, ఆ నవ్వు నేను కలిపినవే. మీ పేరు చెప్పుకుని ఇంత పని చేశాను. ఆయన ముందు తలెత్తలేకపోతున్నాను, మీ ముందూ అంతే.

మీకు తెలిసింది రాయండి. ఏమీ కనిపించలేదంటే అదే రాయండి. తలుచుకోవడం కష్టమనిపిస్తే వద్దు, ఆయనకి నేనే ఎలాగో చెప్పుకుంటాను. ఆరోగ్యం జాగ్రత్త. నా గురించి దిగులు వద్దు, వేళకి తింటున్నాను.

అమ్మకి, పెద్దత్తయ్యకి నా నమస్కారాలు చెప్పండి. తప్పు చేసినా మీ దీవెన నాకుండాలి. యాకూబ్ భాయ్ కూడా మీకు సలాం రాయమన్నారు. మర్చిపోతానేమోనని పొద్దున్న మళ్ళీ గుర్తుచేశారు.

మీ అబ్బాయి
శ్రీను