పై గుండీ

అమ్మకు,

నీ చిన్నోడు దణ్ణం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. నువ్వూ చెల్లీ కూడా అలాగే ఉన్నారనుకుంటాను. దగ్గు తగ్గిందా అని అడిగావు, తగ్గింది. చదువు మానేస్తానంటోందిగా చెల్లి, వచ్చి చెవి మెలేస్తానని చెప్పు.

రోజూ పొద్దున్నే మీసాల బాబాయి ఇంటికెళ్లి ఆయన చొక్కా గుండీలు పెట్టి వస్తున్నానని రాస్తే, "నా కొడుకు మనసు వెన్న" అని వీధంతా చెప్పుకున్నానని రాశావు. ఆపమ్మా! చదువుతుంటే ఒళ్లు మండింది. నీ మీద కాదు.

ఆయనదీ నాదీ ఒకటే మిషను, రేకులు నొక్కే ప్రెస్సు. నేను డ్యూటీ దిగితే ఆయన ఎక్కుతాడు. రెండు చేతులతో రెండు మీటలు నొక్కితేనే అది కిందికి దిగుతుంది. చేతులు లోపల ఉండకూడదనే ఆ ఏర్పాటు. సూపర్‌వైజరేమో "నత్తకి నడక నేర్పుతున్నావా?" అని ప్రాణం తీస్తాడు. అందుకే ఒక మీటలో చెక్కముక్క దోపి ఒంటిచేత్తో లాగించేవాణ్ణి. దిగేముందు తీసేసేవాణ్ణి. ఆ రోజు మరిచిపోయాను.

బాబాయి వంకరపోయిన రేకు సర్దుదామని కుడిచెయ్యి లోపల పెట్టాడు. ఎడమచెయ్యి రెండో మీటకు తగిలింది. రెండు వేళ్లు పోయాయి. కేక విని పరిగెత్తాను. అమ్మా, ముందు చెక్క లాగి జేబులో వేసుకున్నాను. ఆ తర్వాతే ఆయన్ని పట్టుకున్నాను.

అజాగ్రత్త అని రాసి ఆయన్ని పనిలోంచి తీసేశారు. అందరి ముందూ సూపర్‌వైజర్ని నోటికొచ్చినట్టు తిట్టాను. మగాడంటే నువ్వేరా అన్నారు తోటివాళ్లు. బాబాయైతే మళ్లీ విచారణ చెయ్యమని అర్జీ పెట్టి, సాక్షిగా నన్నే రాయించాడు. "మా ఆవిడ కూడా ఇంత శ్రద్ధగా గుండీలు పెట్టలేదురా. నువ్వుంటే నాకు భయమేంటి?" అన్నాడు.

ఇవాళ గుండీలు పెడుతూనే చెక్క సంగతి చెప్పేశాను.

నా చేతులు తోసేశాడు. ఎడంచేత్తో పై గుండీ తనే పెట్టుకోబోయాడు. జారిపోయింది. మళ్లీ పెట్టబోయాడు. నేను గోడలా నిలబడ్డాను.

"చెక్క ఉందా?"

"ఉంది బాబాయ్."

"పద ఆఫీసుకి."

గుండీ తప్పు కాజాలో పడింది. సర్దబోయి ఆగిపోయాను. దారంతా ఆయన నాకు రెండడుగులు ముందే నడిచాడు. చెక్క బల్లమీద పెట్టి, జరిగింది రాసి సంతకం చేశాను. నా పని పోయింది. ఆయన్ని తీసేసిన కాగితం వెనక్కి తీసుకుంటారట.

రేపూ వెళ్తాను. తలుపు తీస్తాడో తియ్యడో తెలియదు. వీధిలో నా గురించి చెప్పుకోవాలనిపిస్తే, ఇది కూడా కలిపి చెప్పు.

ఇట్లు,
వెన్న మనసు లేని
నీ చిన్నోడు